పట్టుచీరల మధ్య గేజి

దగ్గరికి జరుగు నాయనా, నా గొంతు చిన్నది, దూరం నుంచి వినపడదు.

నేను ఒక గేజిని. అరచేతిలో ఇమిడే ఉక్కు కడ్డీని. నా ఒక కొస రంధ్రంలోకి జారాలి, రెండో కొస జారకూడదు. అప్పుడే ఆ రంధ్రం మంచిదని నా తీర్పు. ఒంటి మీద చెక్కిన అంకెలు నాకే చదవడం రాదు గానీ, తీర్పు మాత్రం ఎవరికీ మొహమాటపడి చెప్పలేదు.

పుట్టింది జపానులో. నూనె గుడ్డలో చుట్టి ఓడెక్కించారు. నన్ను చేసిన కంపెనీవాళ్లు హిందూపురం దగ్గర నీళ్ల పంపుల ఫ్యాక్టరీ పెట్టారు. అన్ని భాగాలూ సముద్రం దాటించి తేవడం గిట్టక, ఇక్కడే చేసేవాళ్లను వెతికారు. అలా దొరికాడు లేత్ షాపు హొన్నూరప్ప. అంతదాకా బోరు మోటార్లు బాగుచేసేవాడు. చేతిలో పని ఉంది, కొలతంతా కంటితోనే. ఇరుసు దూరే ఇత్తడి గొట్టాలు, అంటే బుష్షులు, చేసే పని ఇచ్చి, వాటి రంధ్రాలు సరిచూసుకొమ్మని జపాను ఇంజినీరు మొరీ నన్ను అతని చేతిలో పెట్టాడు.

మనుషుల మర్యాద చిత్రమైనది. హొన్నూరప్ప నన్ను కళ్లకద్దుకుని నేరుగా ఇంటికి పట్టుకుపోయాడు.

"దేశంగాని దేశం నుంచి వచ్చిండేది. షాపులో పెడితే అరిగిపోతుంది. బీరువాలో పెట్టు సుంకూ."

భార్య సుంకమ్మ నన్ను పట్టుచీరల మడతల్లో, కలరా ఉండల పక్కన పడుకోబెట్టి తాళం వేసింది. వాడకానికి అతను మామూలు ఇనుముతో నాలాంటిదే ఒకటి లేత్ మీద చేసుకున్నాడు. మంచి చీర పెట్టెలోకి, ముతక చీర ఒంటికి అన్నట్టు.

ఇనుము మెత్తన. రంధ్రాల్లో దూరి దూరి నా తమ్ముడు సన్నబడ్డాడు. సన్నవాడు ఇరుకు సందులోనూ దూరతాడు కదా, ఇరుకు రంధ్రాలన్నీ మంచివేనంటూ పోయాడు. ఫ్యాక్టరీలో ఇరుసులు దిగలేదు. సరుకంతా తిరిగొచ్చింది. ఇంకోసారి ఇలా అయితే పని బెంగళూరువాళ్లకు ఇస్తామని కబురు కూడా వచ్చింది.

"షాపు మూసి, బెంగుళూరులో ఎవని కాడన్నా కూలికి చేరల్ల ఇంగ," అన్నాడు హొన్నూరప్ప, సంగటి ముద్ద ముట్టకుండా.

"చేరుదువులే. ఈ సంగటి యాడ దొరుకుతుంది నీకు ఆడ? ముందు ఆ జపానాయప్పను పిల్చి అడుగు, తప్పు యాడుందో."

మొరీ వచ్చాడు, తన మాట తెలుగులో చెప్పడానికి ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ను వెంటబెట్టుకుని. నా తమ్ముణ్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, మేమిచ్చింది ఏదని అడిగించాడు. సుంకమ్మ గర్వంగా బీరువా తీసి నన్ను తెచ్చింది.

"చూడు సామీ, ఒక్క గీత పడనీలేదు."

మొరీ నన్ను వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత అతను చెప్పింది సూపర్‌వైజర్ తెలుగులో చెప్పాడు: "ఇది అరగడానికే ఉంది. అరిగితే ఇంకోటి ఇస్తారంట. ఎంత అరిగిందో చూసేది కూడా నేర్పిస్తారంట."

"అరగడానికా? ఇంత సొగసైందా?" అన్నాడు హొన్నూరప్ప.

"పెండ్లామును అరగదీసినప్పుడు రాలేదు ఈ బాధ," అంది సుంకమ్మ.

నేను షాపు చేరాను. రంధ్రం తుడిచాకే నన్ను పెట్టాలని, బలవంతంగా తొయ్యకూడదని, నన్నూ అప్పుడప్పుడు పరీక్షించాలని మొరీ దగ్గరుండి నేర్పాడు. ఆ తర్వాత పోయిన సరుకులో ఇరుసులు చప్పుడు లేకుండా దిగాయి. పని చేజారలేదు.

అసలు పరీక్ష అప్పుడొచ్చింది నాయనా. పక్క షాపు ఖాదర్ బాషా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమప్పా హొన్నూరూ, నీ సరుకు వాపసు రావడంల్యా. మాకూ చెప్పరాదా?"

చెబితే ఆ పని బాషా ఎగరేసుకుపోవచ్చు. హొన్నూరప్ప నన్ను గుప్పిట్లో బిగించాడు. ఆ చేతి చెమట నాకు తెలుసు. సుంకమ్మ టీ గ్లాసులు పెడుతూ, "దాచిపెట్టి బాగుపడింది చూసినాం కదా," అంది మెల్లగా.

గుప్పిలి విప్పి అతను నన్ను బాషా అరచేతిలో పెట్టాడు.

బాషా ఆ పని ఎత్తుకుపోలేదు. అతని సరుకు చూసి ఫ్యాక్టరీ వాల్వుల పని ఇచ్చింది. అతని దగ్గర నేర్చినవాళ్లు చెరుకు గానుగలకు భాగాలు చేస్తున్నారు. వాళ్లు జపాను మనిషిని చూడనే లేదు, కొలత మాత్రం తప్పరు.

నేను అరిగాను. నన్ను పరీక్షించి, ఇక చాలని పక్కన పెట్టింది హొన్నూరప్పే, మొరీ కాదు. పాత బోల్టుల డబ్బాలో హాయిగా ఉన్నాను. ఇదంతా గుర్తుపెట్టుకో నాయనా. పని నేర్చుకుందామని నీ గుమ్మంలో ఎవరైనా నిలబడితే, కూర్చోబెట్టి నా కథ చెప్పు.