అత్త పిలిచిన పేరు

"ఆ పాత కంప్యూటర్లలో ఏముండాదో గానీ, మా ఆడమనిషి పానమంతా వాటి మిందనే" అని నరేంద్ర ఇంటికొచ్చిన వాళ్ళందరితోనూ చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. కాఫీ గ్లాసులు అందిస్తూ ఆయన భార్య లోహిత కూడా నవ్వేది. నవ్వకపోతే, అంతమాత్రానికే మొహం ముడుచుకుందని ఇంకో పేరు వస్తుంది.

చిత్తూరు గిరింపేటలో వాళ్ళది మేడ ఇల్లు. పైన నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల గది ఒకటి ఉంది. పెళ్ళికి ముందు లోహిత పలమనేరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. పెళ్ళయ్యాక ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో ల్యాబు చూసుకునేది. అత్త చంద్రకాంతమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినప్పుడు, ఉద్యోగం ఎవరు మానాలన్న ప్రశ్న ఆ ఇంట్లో పుట్టనే లేదు. నరేంద్ర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కాయల కాలంలో ఆయనకు ఊపిరాడదు. మిగతా నెలల్లో సోఫా మీద ఫోను పట్టుకుని పడుకుంటాడు. ఆ నెలల్లో కూడా తల్లి పక్కబట్టలు మార్చడం ఆయనకు చేతకాలేదు. "ఆడోళ్ళకైతే అలవాటుంటాది" అనేవాడు. తడిసిన దుప్పట్లు నీళ్ళలో ముంచి జాడిస్తూ, ఈ అలవాటు తనకెప్పుడయిందా అని లోహిత ఆలోచించేది. ఈ పూటకీ ముక్కుకు కొంగు కట్టుకునే జాడించేది. అలవాటైంది దుప్పట్లు ఉతకడం కాదు, ఆ వాసన పడదని బయటికి చెప్పకపోవడం.

స్కూలు వాళ్ళు ల్యాబులో కొత్తవి పెట్టుకుని పాత డెస్క్‌టాప్‌లను మెట్ల కింద పడేశారని తెలిసి, ఆమె అడిగి ఒకదాన్ని ఆటోలో వేసుకొచ్చింది. అలా మొదలైంది. తర్వాత పాత సామాన్ల ఢిల్లీబాబు కొట్లో ఎవరికీ అక్కర్లేనివి ఏరుకొచ్చేది. మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళ మేడెక్కి గది తలుపు తీసేది. డబ్బా విప్పితే లోపల ఏ ఆఫీసుదో ఏళ్ళ నాటి దుమ్ము. దాన్ని పెయింటు బ్రష్షుతో దులిపేది. ర్యామ్ పట్టీ అంచును బడిపిల్లల రబ్బరుతో రుద్ది మెరిపించేది. గరగరమనే హార్డ్‌డిస్కు తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డి బిగించేది. బరువు మోయలేక ఆయాసపడే పాత విండోస్ బదులు తేలికపాటి లినక్స్ ఎక్కించేది. బటన్ నొక్కి ఊపిరి బిగబట్టేది. అన్నీ కుదిరితే ఒక్కటే బీప్ వినబడుతుంది. ఆ ఇంట్లో ఆమె చేసే మరే పనికీ అటువంటి జవాబు రాదు. సంగటి బాగుంటే ఎవరూ ఏమీ అనరు, ఉప్పు తగ్గితే అంటారు.

అలా లేపిన వాటిలో ఒకదాన్ని పక్కింట్లో జాకెట్లు కుట్టే కుప్పమ్మకు డిజైన్లు చూసుకోడానికి ఇచ్చింది. ఇంకొకదాన్ని అత్త మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. "ఈ దయ్యాన్ని నా నెత్తిన పెడతావా మే" అని చంద్రకాంతమ్మ మొదట తిట్టింది. కొన్నాళ్ళకు "దాన్ని లేపు మే" అని తనే అడగడం మొదలుపెట్టింది. ఆమె కూతురు, నరేంద్ర చెల్లెలు రూపశ్రీ పెళ్ళి క్యాసెట్టును లోహిత అందులోకి ఎక్కించింది. ఆ పెళ్ళిలో చంద్రకాంతమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పందిరంతా తిరుగుతూ కనిపిస్తుంది. "సూడు, ఎట్ల నడస్తా ఉండానో" అని కుడిచేత్తో చూపించి, చూసినంతసేపూ చూసి కళ్ళు మూసుకునేది.

ఆ ఏడు కాయల కాలం అయిపోయి ఫ్యాక్టరీకి సెలవులు. నరేంద్ర కింద హాల్లో ఉన్నాడు. పక్క గదిలో అత్త నిద్రపోయింది. మేడ మీద లోహిత ఒక ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు రాసి, దానిపైన ఫ్యాను బిగిస్తోంది. కింద నుంచి కేక వినబడింది.

"లోహితా! అమ్మ పిలస్తా ఉండాది, సూడు!"

"కొంచెం మీరు సూడండి, వస్తా ఉండాను!"

ఫ్యాను సగంలో వదిలేస్తే పేస్టంతా తుడిచి మళ్ళీ మొదటికి రావాలి. ఆయన కిందనే ఉన్నాడు గదా అనుకుంది. మిగిలిన మరలు బిగించింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఏదో దబ్బున పడిన చప్పుడైంది.

చంద్రకాంతమ్మ బాత్రూం గడప దగ్గర ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. నరేంద్ర సోఫా ముందు నిలబడ్డాడు, చేతిలో ఫోను అలాగే ఉంది.

"పిలిస్తే రావా నువ్వు?" అన్నాడు. తల్లి పడ్డాక ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

తుంటి ఎముక విరిగింది. తిరుపతి ఆసుపత్రిలో చేర్చారు. రాత్రీ పగలూ మంచం పక్కన లోహితే ఉండింది. మరలు బిగించిన తన వేళ్ళను చూసుకుంటూ ఏడ్చేది. ఆ కాస్త పని వదిలేసి వచ్చి ఉంటే, అనుకునేది. ఆ అనుకోవడం ఎంతకీ తెగేది కాదు. ఒక పొద్దున తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే, అత్త ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏడవద్దు మే. నేను నిన్ను పిలవలేదు."

మాట ముద్దముద్దగా వచ్చింది. లోహిత చెవి దగ్గరగా పెట్టింది.

"నాయనా, నరేంద్రా... అని పిలిచినా. పక్కనే గదా ఉండాడు. వాడు నిన్ను పిలిచినాడు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఎవురూ రాలేదని నేనే లేచినా."

ఆ వారంలోనే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి చంద్రకాంతమ్మ పోయింది.

తల్లిని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట చెప్పడానికి లోహితకు నోరు రాలేదు. ఆయనకు తెలుసు గదా, ఎప్పుడో ఒకప్పుడు ఆయనే అంటాడు అనుకుంది. దహనమైన మర్నాడు నరేంద్ర ఢిల్లీబాబు బండిని పిలిపించాడు. "మాయమ్మను మింగినవి ఈ ఇంట్లో ఉండేదానికి లేదు" అని మేడ మీదవన్నీ దింపించాడు. అత్త స్టూలు మీదున్నది కూడా పోయింది. అందులో ఆమె నడుస్తూ ఉందన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. లోహిత అడ్డం పోలేదు. వాకిట్లో నిలబడి, బండి మలుపు తిరిగే దాకా చూసింది.

పెద్దకర్మ నాడు బంధువులు భోజనాలకు కూర్చున్నారు. లోహిత పప్పు వడ్డిస్తోంది. నరేంద్ర చిన్నాయన మునిరామయ్య అడిగాడు.

"ఎట్ల పడింది అబ్బా మీయమ్మ?"

"నేను ఇంట్లో లేను చిన్నాయనా" అన్నాడు నరేంద్ర. "నేనుంటే పడనిస్తునా? ఈమె మేడ మింద ఆ డబ్బాల్లో తల పెట్టుకోనుండాది. అమ్మ అరిచి అరిచి..." కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆ అబద్ధాన్ని ఆయన అప్పటికే నమ్మేశాడు.

లోహిత పప్పు గిన్నె కింద పెట్టింది.

"మీరు ఇంట్లోనే ఉన్నారు. సోఫాలో ఉన్నారు. అత్త పిలిచింది మిమ్మల్ని. ఆసుపత్రిలో నాతో చెప్పింది. నేను వెంటనే దిగి రాలేదు, అది నా తప్పే. కానీ ఆమె పిలిచింది మిమ్మల్ని."

పంక్తిలో ఎవరి చెయ్యీ నోటిదాకా పోలేదు. రూపశ్రీ అన్న వైపు చూసింది. నరేంద్ర ఆకులోకి చూస్తున్నాడు.

"అన్నాల కాడ ఇవేం మాటలమ్మా" అన్నాడు మునిరామయ్య చివరికి. "పప్పు ఎయ్యి, ఈడ."

లోహిత వేసింది.

బంధువులందరూ ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఒక సాయంత్రం లోహిత ఫోను మోగింది. రూపశ్రీ. నరేంద్ర లేచి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ పొద్దు నువ్వన్న మాట, దుఃఖంలో ఏందో అనేసినానని చెప్పు" అన్నాడు గొంతు తగ్గించి. "కొత్త ల్యాప్‌టాప్ కొనిస్తా. మంచిది. నీకు ఏది కావాలంటే అది."

ఇన్నేళ్ళలో ఆయన ఆమెను ఏది కావాలని అడగడం అదే మొదలు. ఆయన మొహంలో కోపం లేదు, భయం ఉంది. అది చూసి తనకు జాలి కలుగుతుందేమోనని లోహిత కాసేపు ఆగింది. కలగలేదు. ఫోను ఎత్తింది.

"వదినా" అంది అవతల రూపశ్రీ. "ఒట్టేసి చెప్పు. అమ్మ నిజంగా అన్ననే పిలిచిందా?"

"పిలిచింది" అంది లోహిత. "నాయనా, నరేంద్రా అని పిలిచింది. ఆయన ఇక్కడే ఉన్నారు. మిగతాది ఆయన్నే అడుగు."

ఫోను భర్త చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చెవికి ఆనించుకోలేక, పెట్టేయలేక అలాగే పట్టుకున్నాడు. లోపల నుంచి చెల్లెలు "అన్నా, అన్నా" అంటూనే ఉంది.

లోహిత చెప్పులు వేసుకుని గేటు తీసింది. ఢిల్లీబాబు కొట్టు మూసేలోపు చేరుకోవాలి. విరగ్గొట్టకుండా ఏమైనా మిగిల్చి ఉంటే అడిగి తెచ్చుకోవాలి, వాటికి ఈసారి ఇంకెక్కడైనా ఒక గది చూడాలి.