పద్దెనిమిది అడుగుల గాలం

పలకరించడానికి వచ్చేవాళ్లతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, అందరూ ఒకేసారి రారు. పొద్దున ఇద్దరు, వాళ్లు ఛాయ్ తాగి లేవబోతుండగా ముగ్గురు, అన్నం ముందు కూర్చున్నాక ఇంకొకరు. ప్రతి ఒక్కరికీ సంగతి మొదటి నుంచి కావాలి. సగంలో వచ్చినవాళ్లు ముందు సగం మళ్లీ చెప్పమంటారు. తలా అరడజను అరటిపళ్లు చేతిలో పెట్టి, "అసలు ఎట్లయింది?" అంటారు. పళ్లు రెండో రోజుకు నల్లబడతాయి. ప్రశ్న మాత్రం తాజాగా ఉంటుంది.

చెప్పే పని కమలాకర్‌ది. చూసినవాడు అతనొక్కడే. నల్లగొండలో ఒక ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటు. చిట్యాలలో ఉండే చెల్లెలు నిరోష ఇంటికి నాలుగు ఆదివారాలుగా వస్తున్నాడు. నిరోష భర్త పరమేష్ కాలిపోయిన వ్యవసాయ మోటర్లకు వైండింగు చేసేవాడు. ఇప్పుడు అతని కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది. ఒకటో తారీఖున కిరాయి దుకాణం ఖాళీ చేసి తాళాలిచ్చేస్తానని అందరికీ చెప్పేశాడు. అది చెయ్యి పోయినందుకు కాదు. దుకాణంలో ఇద్దరు పనివాళ్లున్నారు, తీగ వాళ్లు చుడతారు, ఇతను పక్కన కూర్చొని చెబితే చాలు. "నెత్తిమీది వైరే సూస్కోనోన్ని, నేనింక ఒకలకేం జెప్త" అంటాడు.

ఆ మాట నిజం కాదు. నిజం కాదని తెలిసినవాడు ప్రపంచంలో కమలాకర్ ఒక్కడే.

ఇదంతా గాలం కొనడంతో మొదలైంది. బీపీ ఉంది, రోజూ నడవమని డాక్టరు చెబితే, కమలాకర్ కూర్చొని చేసే పని ఒకటి వెతుక్కున్నాడు. చేపలు పట్టడం. సలహా కోసం నందికొండ దాకా పోయి, నలభై ఏళ్లుగా సాగర్ నీళ్ల మీదే బతుకుతున్న దుర్గయ్యను అడిగాడు. "ఎదురు కట్టె, దారం, కొండి, ఎర్రలు. గంతే సారూ" అన్నాడు దుర్గయ్య. కమలాకర్‌కు చాలా నిరాశ కలిగింది. వందలోపు అయిపోయే దాన్ని హాబీ అని ఆఫీసులో ఎలా చెప్పుకుంటాడు?

మూడు నెలలు ఫోన్ చూశాడు. రీలు ఎన్నో నంబరుది కావాలో, దారం ఎంత సన్నగా ఉండాలో, ఏ చేపకు ఏ రంగు ఎర నచ్చుతుందో, ఒక్క చేప మొహం చూడకుండానే నేర్చుకున్నాడు. మెడ వెనక గుడ్డ వేలాడే టోపీ ముందు కొన్నాడు, దాని మీద డిస్కౌంట్ ఉంది కాబట్టి. ఆ టోపీ పెట్టుకొని హాల్లో సోఫా మీద కూర్చొని గాలాల వీడియోలు చూసేవాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పదడుగుల ఫైబర్‌గ్లాస్ గాలం, ఇంకొకటి పద్దెనిమిది అడుగుల కార్బన్ గాలం. సేల్‌లో రెండూ ఒకటే రేటు. ప్లాటైనా, కర్టెన్ గుడ్డయినా అడుక్కు ఎంత పడుతుందో చూసుకొని కొనే ఇల్లు అది. భార్య ప్రవళికను అడిగాడు.

"పొడుగుదే తీస్కో" అంది ఆమె. "నీకు శాతగాకుంటే బట్టలు ఆరేసుకుంటందుకన్న అయితది."

పొడుగుదే వచ్చింది. నచ్చకపోతే పది రోజుల్లో వాపసు ఇవ్వొచ్చు, లేబుళ్లు మాత్రం చెక్కుచెదరకూడదు. పిడి మీద పసుపురంగు స్టిక్కరు ఒకటి ఉంది. దానిమీద కరెంటు తీగలు, మెరుపు, వెనక్కి పడుతున్న మనిషి బొమ్మ; కార్బన్ గుండా కరెంటు పారుతుందని హెచ్చరిక. కమలాకర్ దాన్ని శ్రద్ధగానే చూశాడు. మిక్సీ మీద కూడా ఇలాంటిదే ఉంటుంది, రోజూ చట్నీ తింటూనే ఉన్నాం కదా అనుకున్నాడు. చెమట తగిలి స్టిక్కరు చెడిపోతుందేమోనని దానిపైన పాలిథిన్ చుట్టి, నల్లటి టేపు వేశాడు. వాడుకొని వాపసు ఇవ్వదలుచుకున్న వస్తువును ఆ మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి.

మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజున, అందరూ చేపల కోసం మార్కెట్లో తోసుకుంటుంటే, తను పట్టినవే తింటానని కమలాకర్ కాలనీ అంతా చెప్పుకున్నాడు. తెల్లారేసరికి చిట్యాల బయటి కుంట దగ్గరికి చేరాడు. పది దాకా ఒక్క చేప పడలేదు. ఒక్కడే కూర్చోవడం నామోషీ అనిపించి బావకు ఫోన్ చేశాడు. పరమేష్ దుకాణం పనివాళ్లకు అప్పజెప్పి వచ్చాడు.

కమలాకర్ గాలం చేతికిస్తే, పరమేష్ దాన్ని లేపలేదు. ముందు పైకి చూశాడు. కుంట ఒడ్డు మీదుగా తీగలు కిందికి వేలాడుతున్నాయి.

"గిది దేంతోని జేసిండ్రు బావా? పైన లెవన్ కేవీ కరెంటు లైను పోతాంది."

"ప్లాస్టిక్ అసొంటిదే. ఏం గాదు, లేపు."

"ఎరుకేనా నీకు?"

"మూడు నెలలు సదివి కొన్న బావా నేను."

ఆ క్షణంలో పసుపు బొమ్మ కమలాకర్‌కు గుర్తుకొచ్చింది. బాగానే గుర్తుకొచ్చింది. అయితే పదో తరగతి తప్పిన బావ అడిగిన మొదటి ప్రశ్నకే మూడు నెలల చదువు తప్పని ఒప్పుకోవడం కుదరలేదు. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని పరమేష్ గాలం లేపాడు. పద్దెనిమిది అడుగులూ లేచాయి.

దవాఖానలో మూడోరోజు పరమేష్ కళ్లు తెరిచాడు. ఆ పొద్దుటి సంగతి ఒక్క ముక్క గుర్తులేదు. కుంటకు పోయింది కూడా గుర్తులేదు. చెయ్యి సంగతి డాక్టర్లు చెప్పారు.

వరండాలో నిరోష తన అన్న చొక్కా పట్టుకొని, "నువ్వు పక్కకుండంగ గిట్లెట్లయిందే?" అని అడిగింది. కమలాకర్ నోటి నుంచి ఒక వాక్యం వచ్చింది: "పైన వైర్లున్నయ్ బావా అని నేను జెప్తనే ఉన్న."

చెల్లెలు చొక్కా వదిలేసింది. ఆ వాక్యానికి అంత పని చేసే శక్తి ఉందని అప్పటిదాకా అతనికి తెలియదు. తర్వాత వచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్పాడు. చెప్పేకొద్దీ కథ బాగుపడింది. మొదట ఒకసారి చెప్పినట్టుండేది, తర్వాత రెండుసార్లయింది. మూడో ఆదివారానికి బావ భుజం పట్టి ఆపబోయినట్టు కూడా తేలింది.

ఈ ఆదివారం యాదగిరి వచ్చాడు. పక్క ఊరి రైతు, పరమేష్ దగ్గర పదిహేనేళ్లుగా మోటరు బాగు చేయించుకుంటున్నవాడు. అరటిపళ్లు తెచ్చాడు. కమలాకర్ గొంతు సవరించుకునేలోపే నిరోష అందుకుంది.

"మా అన్న జెప్తనే ఉన్నడట. ఊరోళ్ల మోటర్లన్ని సూస్తడు, ఈయనకు నెత్తిమీది తీగలు కనవడలేదట. ఇంటికాడ బల్బు మార్వాలంటె నాకు పది జాగ్రత్తలు జెప్పెటోడు."

"ఊకో సెల్లె" అన్నాడు యాదగిరి. తర్వాత పరమేష్ వైపు తిరిగాడు. "మోటరు మల్ల కాలింది. నాటేసి ఉన్న. నువ్వు కుర్సేసుకొని కూసో, పోరగాండ్లు సుడ్తరు."

"వేరే కాడ సూపిచ్చుకో యాదన్నా. నా అందాజ మీద నాకే నమ్మకం లేదు."

పరమేష్ ఎడమచేత్తో అరటిపండు తొక్క తీయడానికి ప్రయత్నించి, పక్కన పెట్టేశాడు.

"ఇరవై ఏండ్ల సంది టెస్టర్ వెట్టకుంట తీగ ముట్టలే" అన్నాడు నెమ్మదిగా. "ఆ దినం ఏమైందో. బావా, నేను నిన్నేమన్న అడిగిన్నా? పైకి సూసిన్నా ఓపారి?"

ఇంత సులువుగా అడిగేవాడు మళ్లీ దొరకడు. అవును అంటే చాలు, ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం చెల్లెలు కూడా అతని వైపే చూస్తోంది.

"ఏమడగలే బావా" అన్నాడు కమలాకర్.

పరమేష్ తలూపాడు. నిరోషతో, "సూసినవా. అడగనన్న అడగలే" అన్నాడు. నువ్వన్నదే నిజమని ఒప్పుకున్నట్టుగా.

యాదగిరి లేచి వెళ్లిపోయాడు. కమలాకర్ బస్సెక్కి నల్లగొండ చేరాడు. అన్నం తినలేదు. ప్రవళిక ఎందుకని అడిగితే ఎసిడిటీ అన్నాడు.

ఇవాళ ఇరవై ఆరు. తాళాలివ్వడానికి ఆరు రోజులుంది. ముందు బావకు చెప్పాలా, చెల్లెలికి చెప్పాలా? ఫోన్‌లో చెబితే పిరికితనం, ఎదురుగా చెబితే నోరు పెగలదు. చెబితే చెల్లెలు మళ్లీ గడప తొక్కనివ్వదు. చెప్పకపోతే పైకి చూసి, అడిగి, నమ్మి లేపిన మనిషి, ఏమీ చూడనివాడిగానే బతుకుతాడు. చెప్పే దారి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. కమలాకర్‌కు తోచడం లేదు, ఇంతసేపూ మీకు చెబుతున్న నాకూ తోచడం లేదు. మీలో ఎవరైనా ఇలాంటి మాట ఒకటి మింగి, మళ్లీ కక్కినవాళ్లుంటే, ముందు ఏ మాట అన్నారో దయచేసి చెప్పండి. ఆ మొదటి మాట ఒక్కటి చెప్పినా చాలు. ఒకటో తారీఖులోపు చెప్పండి.