గుండె అరువిచ్చిన ఉదయలక్ష్మి

మధ్యాహ్నం డ్యూటీ దిగి సిడ్నీ బ్లాక్‌టౌన్‌లోని క్లినిక్ నుంచి ఇల్లు చేరేసరికి ఉదయలక్ష్మి కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. బ్యాగు సోఫాలో పడేసి, కుక్కర్ ఎక్కించి, కూరగాయలు ముందేసుకుని కూర్చునేది. ఇంతలో అంజని ఆంటీ వచ్చేది. ఆవిడ ఇల్లు వీధి చివరే అయినా, దారిలో ఎవరిదో ఒక పిట్టగోడ మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటే గానీ అడుగు పడేది కాదు.

"అలిసిపోతివా లక్ష్మీ?" అనేది తలుపు తీస్తూనే.

"లేదాంటీ, రండి" అని అబద్ధమాడి ఉదయలక్ష్మి ఎడమచెయ్యి చాచేది. ఆంటీ ఆ మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకునేది. ఇక అక్కణ్ణుంచి ఉదయలక్ష్మి గుండె ఇద్దరికీ కొట్టుకునేది. ఆంటీ గుండె పని దింపుకుని చల్లగా కూర్చునేది. ఒంటిచేత్తో చిక్కుడుకాయలు ఒలవడం ఉదయలక్ష్మికి అలవాటైపోయింది.

ఇది ఆమెకు చిన్నప్పట్నుంచీ ఉన్నదే. కొందరు చెయ్యిపెడితే ఆవకాయ బూజు పట్టదంటారే, అలాంటిది. ఊళ్ళో తెలుగువాళ్ళకి తెలుసు, క్లినిక్‌లో డాక్టర్లకీ తెలుసు. శనివారం వచ్చిందంటే శేషాచలం గారు దొడ్లో కరివేపాకు పట్టుకుని వచ్చేవారు. టాక్సీ నడిపే బాలమురళి దారినపోతూ ఆగి, "అక్కా, కాసేపు రెస్ట్ ఇస్తావా దీనికి?" అని గుండె మీద తట్టుకునేవాడు. ఆమె ఎవర్నీ కాదనలేదు. కాదనడానికి కూడా కొంచెం ఓపిక కావాలి కదా.

ఉదయలక్ష్మి క్లినిక్‌లో చేసే పని కూడా గుండెలతోనే. పేషెంట్ల ఛాతీ మీద జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, లోపలి గుండెని తెరమీద చూసే ఎకో టెస్టులు చేస్తుంది. అంజని ఆంటీ గుండెని మొదట చూసింది కూడా తనే. అప్పుడే విడమరిచి చెప్పింది.

"గుండె ఒకటే అనుకుంటాం గానీ ఆంటీ, గోడ కలిసిన రెండిళ్ళు. పైన గది, కింద గది, ఒక్కో ఇంటికీ రెండేసి. కుడివైపు ఇల్లు, ఒళ్ళంతా తిరిగి అలసి వచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకి పంపుతుంది. అక్కడ గాలి పీల్చుకుని వచ్చిన రక్తాన్ని ఎడమవైపు ఇల్లు మళ్ళీ ఒళ్ళంతటికీ తోస్తుంది. తలుపులన్నీ ఒకవైపుకే తెరుచుకుంటాయి. మీకు పెద్ద ధమని మొదట్లో ఉన్న తలుపు గట్టిపడిపోయింది. సన్నటి సందు మాత్రమే మిగిలింది. కొత్త తలుపు పెట్టించుకోవాలి."

"ఛాతీ కోస్తారా?"

"లేదు. తొడ దగ్గర ధమనిలోంచి తీగ పంపి పెడతారు. పెట్టేటప్పుడు గుండె కదలకుండా ఉండాలి కదా, దాన్ని మరీ వేగంగా కొట్టించి కొన్ని క్షణాలు రక్తం తోయకుండా చేస్తారంతే."

ఆ చివరి మాట దగ్గరే ఆంటీ ఆగిపోయింది. ఆవిడ ఫిజీలో పుట్టిన మనిషి. ముత్తవ్వ చెరకుతోటల కూలికి ఓడలో వస్తూ తెచ్చుకున్న తెలుగు నాలుగు ముక్కలు ఇంకా నోట్లో మిగిలాయి. అక్కడ మనవాళ్ళ మీద గొడవలయ్యాక భర్త శివనంద్‌తో సిడ్నీ వచ్చి, లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ బతికింది. శివనంద్‌కి బైపాస్ చేసినప్పుడు ఆపిన గుండె మళ్ళీ మొదలవలేదు.

"ఆపేది వాళ్ళ చేతిలో ఉంది, మొదలయ్యేది ఎవరి చేతిలో ఉంది?" అంది ఆంటీ. "నాకు వద్దు. నీ చెయ్యి ఉంటే చాలు."

అలా రోజూ రావడం మొదలైంది.

ఉదయలక్ష్మి రాన్రానూ కుర్చీలో కూర్చునే కునుకు తీసేది. పడుకుంటే ఊపిరాడేది కాదు. భర్త విజయభాస్కర్ సిటీలో ఆఫీసునుంచి రైలు దిగి వచ్చి, చల్లారిన అన్నం తనే వేడి చేసుకుని, "రావద్దని ఒక్కమాట చెప్పలేవా?" అనేవాడు. యూనివర్సిటీకి వెళ్ళే కూతురు గీతిక తల్లి మొహం చూసి, "మమ్, యూ లుక్ అవ్‌ఫుల్" అనేది.

"రేపు చెప్తాలే" అనేది ఉదయలక్ష్మి.

ఒకరోజు క్లినిక్‌లో ఒక పేషెంటు రాలేదు. పక్క గదిలో ఎకోలు చేసే లిన్ వచ్చి ఆమెను చూసి, "లక్ష్మీ, నువ్వే పేషెంటులా ఉన్నావు. పడుకో" అని మంచం చూపించింది. వద్దనే ఓపిక లేక ఉదయలక్ష్మి పడుకుంది. వేలమంది గుండెల్ని చూసింది గానీ ఆమె తన గుండెని తెరమీద చూసుకోవడం అదే మొదలు. ఎడమ కింది గది ఉబ్బిపోయి, వదులు సంచిలా ఉంది.

లిన్ ప్రోబ్ కదపకుండా రెండో చెయ్యి చాచింది. "నా చెయ్యి పట్టుకో" అంది.

పట్టుకుంది. తెరమీద గుండె ఎడం లేకుండా దెబ్బ వెనక దెబ్బ కొట్టడం మొదలుపెట్టింది. ఇద్దరి దెబ్బలూ ఒక్క గదిలోనే.

"ఇక్కడ చూడు" అంది లిన్, గుండె కండ మీద పాకే సన్నని రక్తనాళాన్ని చూపిస్తూ. "ఇందాక ఎర్రగా మెరిసింది. ఇప్పుడు లేదు."

విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరందరికీ రక్తం తోసే గుండె, తన గదుల్లో నిండిన రక్తాన్ని తాను తాగలేదు. పెద్ద ధమని మొదట్లో చీలే సన్నని నాళాలు తెచ్చిపెట్టేదే దానికి తిండి. గుండె బిగిసినప్పుడు అవీ నలిగిపోతాయి. అందుకే దెబ్బకీ దెబ్బకీ నడుమ, వదులైన ఆ కాస్త విరామంలోనే అది చాలావరకు తన వాటా తీసుకుంటుంది. ఉదయలక్ష్మి గుండెకి ఆ విరామమే లేకుండా పోయింది.

"ఇన్నేళ్ళూ పస్తు పెట్టావు దాన్ని" అంది లిన్.

క్లినిక్‌లో డాక్టరు రిపోర్టు చూసి, ఇక ఎవరి చెయ్యీ పట్టుకోవద్దన్నాడు. శేషాచలం గారు, "అయ్యో తల్లీ, ముందే చెప్పకపోయావా" అని కరివేపాకు ఇచ్చి వెళ్ళిపోయారు. బాలమురళి సారీ చెప్పాడు. అంజని ఆంటీ మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అంటే నన్ను చావమంటావా?"

"ఆపరేషన్ చేయించుకోమంటున్నా ఆంటీ."

"రెండూ ఒకటే" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

మర్నాటి నుంచి ఉదయలక్ష్మి రెండు చేతులతో పని చేసుకుంది. కిటికీలోంచి చూస్తే, ఆంటీ మందులషాపుకి పోతూ పిట్టగోడ మీద కూలబడి ఉండేది. వెళ్ళి చెయ్యి అందిద్దామని తను గుమ్మం దాకా వచ్చేది. "మమ్, డోంట్" అనేది గీతిక. మళ్ళీ లోపలికి పోయేది. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక సాయంత్రం ఆంటీ ఆ గోడ మీంచే స్పృహ తప్పి పడిపోయింది. ఎవరో అంబులెన్స్ పిలిచారు.

ఆస్పత్రిలో ఉదయలక్ష్మిని చూసి ఆంటీ మొహం తిప్పుకోలేదు.

"సరే, చేయించుకుంటా. అది ఆగినప్పుడు మాత్రం నీ చెయ్యి కావాల. తర్వాత ఎన్నడూ అడగను."

ఇంట్లో ఈ మాట చెబితే విజయభాస్కర్ తింటున్న కంచం పక్కకి జరిపాడు.

"డాక్టర్ వద్దన్నాడు కదా."

"కొన్ని క్షణాలేనండీ."

"నీ గుండె ఆగిపోతే? అదీ క్షణమేగా" అన్నాడు. ఆమె కంచం మళ్ళీ అతని ముందుకి జరిపింది. అయినా ఆపరేషన్ రోజు ఉదయం అతను సెలవు పెట్టి, ఆస్పత్రికి కార్లో తనే దింపాడు.

ఆపరేషన్ గదిలో, సంగతి ముందే తెలిసిన డాక్టరమ్మ, "ఏ చెయ్యి?" అని మాత్రం అడిగింది. ఎడమదనగానే నర్సు ఆంటీ సెలైన్ మరో చేతికి మార్చి, ఉదయలక్ష్మికి ఒక స్టూలు వేసి, ఎక్స్‌రేలు తగలకుండా సీసం తొడుగు తొడిగింది. ఆ బరువుకే ఆమెకి సగం ప్రాణం పోయింది. ఆంటీకి మత్తు కొద్దిగానే ఇచ్చారు. తెరమీద నల్లటి తీగ తొడలోంచి పైకి పాకి, ధమని వంపు తిరిగి, గుండె వాకిట్లోకి దిగింది.

"ఇప్పుడు" అంది డాక్టరు.

ఆంటీ గుండె పిట్ట రెక్కల్లా టపటపలాడింది. రక్తం కదలడం మానేసింది. ఇద్దరూ ఒకరి మణికట్టు ఒకరు గట్టిగా పట్టుకున్నారు. రెండు ఒళ్ళ బరువూ ఒక్కసారి ఆమె గుండెమీద పడింది. ఎవరో రొమ్మును పిడికిట్లో నలిపినట్టయింది. చూపు అంచుల్లో చీకటి కమ్ముకుంది. గీతిక మొహం ఒకసారి కళ్ళముందు మెదిలింది. ఇక వల్లకాదనుకుంటూ ఉండగానే కొత్త తలుపు గొడుగులా విచ్చుకుని గోడలకి ఆనుకుంది.

టపటపలు ఆగాయి. ఆంటీ గుండె ఒక దెబ్బ కొట్టింది.

మూసుకున్న తలుపుని ఏళ్ళ తరబడి తోసీ తోసీ ఆ గుండె కండ మందంగా, కుస్తీపట్టే మనిషి భుజంలా తయారై ఉంది. అలవాటు కొద్దీ అది ఈసారీ బలమంతా పెట్టి తోసింది. అడ్డమేమీ లేదు. రక్తం ఉరికింది. ఆంటీ మెడలోకి, చేతిలోకి, వేళ్ళ చివరికి చేరి, అక్కడితో ఆగక ఉదయలక్ష్మి మణికట్టులోకి దాటింది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ఆంటీ వదల్లేదు.

"ఉండు" అంది మత్తులోనే.

ఉదయలక్ష్మి గుండెకి చెయ్యడానికి పనేమీ లేకపోయింది. ఏం చెయ్యాలో తెలియక కాసేపు తడబడింది. తర్వాత మెల్లగా వదులైంది. ఆ వదులులోకి ఆంటీ తోసిన రక్తం సన్నని నాళాల వెంట వచ్చి చేరింది. ఆమె తల మంచం కమ్మీ మీదికి వాలింది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. నర్సు ఒక దిండు తెచ్చి తలకింద పెట్టింది. డాక్టరు గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది.

వార్డుకి మార్చేటప్పుడు ఆ పట్టు విడిపించకుండా ఉదయలక్ష్మినీ ఒక మంచం మీదికి చేర్చి, రెండు మంచాలూ ఆనించి తోసుకెళ్ళారు. బయట కాచుకుని ఉన్న విజయభాస్కర్ హడలిపోయి పరుగెత్తుకొచ్చి, భార్య భుజమ్మీద చెయ్యి వేయబోయాడు.

"లేపబాకు నాయనా" అంది అంజని ఆంటీ. "ఇద్దరికీ నాది చాలు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఉదయలక్ష్మి వెల్లకిలా పడుకుని సన్నగా గురక పెడుతోంది. ఫోన్ మోగింది. యూనివర్సిటీ నుంచి గీతిక.

"నాన్నా? ఈజ్ షీ ఓకే? అమ్మ ఏం చేస్తోంది?"

"నిద్రపోతోంది. కుర్చీలో కాదు, పడుకుని" అన్నాడతను.