నెమ్మదిగా తిరిగే మిషను

నా మొగుడు ఎల్లాజీ కుండ కొనడానికి వెళ్తే చుట్టూ కొట్టి చూస్తాడు, నీళ్ళు పోసి చూస్తాడు, చివరికి కుమ్మరి మొహం చూసి కొనకుండా వచ్చేస్తాడు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాడు, నవ్వకపోతే ఏదో దాస్తున్నాడంటాడు. అలాంటి మనిషికి మిషను కొనాల్సిన గతి పట్టింది. ఆ కొనుగోలు మధ్యలో నన్ను పడేశాడు ఆ సింహాద్రి అప్పన్న. ఏ జన్మలో ఏం చేశానో!

కొనక తప్పలేదు. విజయనగరంలో రాజాం వెళ్ళే రోడ్డు పక్కన మాకు కార్లకు రంగులు వేసే షెడ్డుంది. రంగు వేయడం ఒక ఎత్తు, ఆరిన రంగును మొహం కనపడేదాకా రుద్దడం ఒక ఎత్తు. పాత పొందూరు పంచెల గుడ్డకు పాలిష్ ముద్ద అద్ది, పెళ్ళైన నాటినుంచీ రుద్దుతూనే ఉన్నాడు. ఆ రుద్దుడుకే కుడి భుజం పోయింది. యుద్ధం ఆగిన మరుసటి ఏడాదికల్లా అన్నం ముద్ద ఎడం చేత్తో ఎత్తుకునే స్థితికి వచ్చాడు. ఎవరైనా చూస్తారని తలుపు వేసుకుని తినేవాడు.

నా తమ్ముడు అప్పలసూరి మా దగ్గరే ఉండేవాడు. యుద్ధం రోజుల్లో విశాఖపట్నంలో మిలిటరీ లారీల షెడ్డులో పని నేర్చుకుని వచ్చాడు. మిషను మాట ఎత్తింది వాడే.

"బావా, కరెంటుతో తిరిగే పాలిస్ మిసనొకటి ఉంటాది. దానికి గొర్రెబొచ్చు టోపీ తొడిగి రంగు మీద ఆన్చితే సాలు. నీ బుజానికి పనే నేదు."

ఎల్లాజీ వాడి వంక చూడలేదు, నా వంక చూశాడు. "మిసనొస్తే నా బుజానికే కాదే, నాకే పనుండదు. నీ తమ్ముడు సెడ్డు మీద కన్నేసినాడేటే తాయారూ?"

చేతిలో గరిటె ఉంది, కాపురం చేసుకోవాలి కనక ఊరుకున్నాను. సూరి వెళ్ళిపోతే షెడ్డు మూతపడుతుంది, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అది అలా ఉంచండి. మా అమ్మా అయ్యా పోయాక పుట్టిల్లు అని చెప్పుకోవడానికి నాకు మిగిలింది వాడొక్కడే. ఎల్లాజీ ఒక్కో అనుమానపు మాట అన్నప్పుడల్లా వాడెక్కడ మూట కట్టుకుంటాడోనని నా భయం.

మిలిటరీ వాళ్ళు వదిలేసిన సామాన్లు అమ్మే జగన్నాధం అని ఒకడు కోట దగ్గర కొట్టు పెట్టాడు. ముగ్గురం వెళ్ళాం. బావా బావమరుదులు దారిలోనే కొట్టుకుంటారేమోనని నేనూ వెంటపడ్డాను.

అక్కడ రెండు మిషన్లున్నాయి. ఒకటి బరువైనది, వెండిగిన్నెలా తళతళలాడుతోంది. మీట నొక్కితే కొట్టు అదిరిపోయేలా రంకె వేసింది. రెండోది పచ్చరంగు పెచ్చులూడిన బక్కమిషను. అది తిరుగుతుంటే ఏదో గొణుగుతున్నట్టుంది. రెండింటికీ ఒకటే ధర.

"ఇదే," అన్నాడు ఎల్లాజీ, పెద్దదాని మీద చెయ్యి వేసి.

"వద్దు బావా! అది ఇనుం అరగదీసే మిసను. దాని జోరుకి రంగు కాలిపోతాది. అంచుల కాడైతే రేకు బయటపడతాది. నెమ్మదిగా తిరిగేదే మనకి గావాల."

"నెమ్మదిగా తిరిగేది మంచిదా? అలాగైతే గానుగెద్దుని కట్టుకుందాం, కరెంటెందుకు?"

సూరి మాట పెంచలేదు. మూలనున్న పాత మడ్గార్డు తెచ్చి, రెండు మిషన్లూ దాని మీద ఆడించి చూపించాడు. పెద్దది ఆన్చినచోట రంగు గోధుమగా మాడి, ముక్కు బద్దలయ్యే వాసన వచ్చింది. చిన్నది ఆన్చినచోట నా ముక్కుపుడక నాకే కనపడింది. ఇంకేం కావాలి మనిషికి? కానీ అప్పుడే జగన్నాధం, "భలే పనోడివిరా!" అంటూ సూరి చేతిలో ఒక బీడీ పెట్టాడు. ఎల్లాజీ కళ్ళు ఆ బీడీ మీద పడ్డాయి. పడ్డవి ఇక లేవలేదు.

"ఆ మడ్గార్డు కొట్టోడిదే," అని నా చెవిలో గొణిగాడు. "ముందే ఏదో పూసి ఉంచినారు. అమ్ముడుపోని సరుకు మనకి అంటగడతన్నారు. ఇద్దరూ ఒకటే."

"బీడీముక్కకి సొంత అప్ప కొంప ముంచుతాడేటి? నోరు ముయ్యి మావా!" అని కొట్లోనే అరిచాను. నలుగురూ తిరిగి చూశారు. ఆ సిగ్గుకే బక్కమిషను కొన్నాడు.

ఆ వారంలోనే రాజాం ధాన్యం వర్తకుడు నారాయణమూర్తి సావుకారు తన నల్లకారు తెచ్చి మా షెడ్డులో వదిలాడు. "రంగంతా గీతలు, మసక. సాయంత్రానికల్లా తుమ్మెదలా నిగనిగలాడాలి. నచ్చకపోతే రేపే విశాఖపట్నం తోలించేస్తాను, మా వాళ్ళందరి బళ్ళూ అటే పోతాయి," అని చెప్పి బజారుకు వెళ్ళాడు. మాకొచ్చే కార్లలో సగం ఆయన చుట్టాలవీ, స్నేహితులవీనూ.

ఆ పొద్దున వంటింట్లో ఉప్పుకుండ మీద మూత లేదు. పక్కింటి అసిరమ్మకు అడగకుండా తీసుకుపోయే అలవాటుందని నా అనుమానం. అనుమానం నా మొగుడొక్కడి సొత్తా? గోడ అవతలికి వినపడేలా నాలుగు మాటలు వదిలి నా పనిలో పడ్డాను.

అంతలో షెడ్డులోంచి కేకలు. పరిగెత్తాను. నల్లటి రంగు మీద, సరిగ్గా కారు ముందుభాగాన, సున్నాలు సున్నాలుగా గీతలు! పిల్లి గోళ్ళు గుండ్రంగా తిప్పినట్టున్నాయి. సూరి మిషను ఆపి, వేలితో గీతలు తడుముతున్నాడు.

"సెప్పానా! నాను సెప్పానా!" ఎల్లాజీ గొంతులో కోపం కంటే సంతోషమే ఎక్కువుంది. దానికే నాకు ఒళ్ళు మండింది. "బీడీ తాగి బొక్కమిసను తెచ్చినాడు నీ తమ్ముడు!"

"నిన్న పాత తలుపు మీద ఆడించినాను కదా బావా, గీత పడినాదా? నువ్వే సూసినావు."

"నిన్న బాగుండి, ఇయాల ఎలగ పాడైపోనాది? ఏటి సేసినావో నీకే తెలియాల. నా పేరు సెడితే సెడ్డు నీకొస్తాదనుకున్నావు!"

సూరి మొహం నల్లబడిపోయింది. బొచ్చుటోపీ ఊడపీకి నేలకేసి కొట్టాడు. మిషను గోనెసంచిలో వేసి భుజానికెత్తాడు.

"ఇది ఇచ్చేసి ఆ పెద్ద మిసను తెచ్చి నీ గుమ్మంలో ఎడతాను. నీకు నచ్చినట్టే కాల్సుకో. నాను విశాఖపట్నం ఎల్లిపోతాను. అప్పా, నన్నాపకు."

ఆపాను. చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని వెళ్ళిపోయాడు. నేను ఎల్లాజీని తిట్టిన తిట్లు ఇక్కడ రాసేవి కావు. ఆయన కారు ముందు కూలబడ్డాడు, ఎడం చేత్తో కుడి భుజం పట్టుకుని.

ఏడుపొస్తే నాకు ఏదో ఒకటి ఉతకాలి. ఆ టోపీ తీసుకుని నూతి దగ్గరకు వెళ్ళాను. తడిపే ముందు బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి దులిపితే, నూనెముద్ద మధ్య ఏవో గరుకుగా తగిలాయి. ఇసకేమో అనుకున్నాను. బియ్యంలో రాయి చూసుకునే అలవాటు కదా, ఒకటి తుడిచి పంటి కింద పెట్టాను. ఇసక కరకరలాడాలి. ఇది కరిగింది.

ఉప్పు! శుభ్రమైన గళ్ళుప్పు!

మూతలేని కుండ గుర్తొచ్చింది. పాపం అసిరమ్మను ఉత్తిపుణ్యానికి తిట్టాను. గళ్ళుప్పు ఒక్కతే ఎక్కడికీ నడిచి వెళ్ళదు. షెడ్డులోకి వెళ్ళి మైనం కరిగించే కుంపటి కెలికాను. బూడిదలో మాడిన మిరపకాయల తొడిమెలు కనపడ్డాయి. ఉప్పూ మిరపకాయలూ కలిసి ఏ పనికి బయలుదేరతాయో మా ఊళ్ళో పాలుతాగే పిల్లకీ తెలుసు.

టోపీ తీసుకెళ్ళి ఎల్లాజీ నోటి ముందు పెట్టాను.

"నాకు."

"ఏటే, పిచ్చెక్కినాదా?"

"నాకు మావా. నాలిక పెట్టి సూడు."

నా మొహం చూసి భయపడ్డాడో ఏమో, నాలిక ఆన్చాడు. ఆన్చినవాడు అలాగే ఉండిపోయాడు.

"మిసనుకి దిష్టి తీసినావు, అవునా? టోపీ యెల్లకిలా ఉంటే దాని మీదే ఉప్పు తిప్పినావు. రాలినాదో నేదో కూడా సూసుకోలేదు. ఎవల దిష్టి అన్నావు? పేరెట్టకుండా తీయవు నువ్వు. సెప్పు!"

తల దించుకున్నాడు. "తెల్లారగట్ల తీసినాను. మిరపకాయలు కాల్సితే ఘాటు రానేదు తాయారూ. దిష్టి నిజమేననుకున్నాను."

"ఎవలదని అడగతన్నాను!"

"సూరిగాడిది."

గుమ్మంలో గోనెసంచి దభీమని నేల మీద పడింది. సూరి! టోపీ లేకుండా మిషను తిరిగి తీసుకోనన్నాడట జగన్నాధం, దానికోసం వచ్చాడు. మొత్తం విన్నాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు, కళ్ళు నిండిపోయాయి వాడికి. నా చేతిలోంచి టోపీ లాక్కుని నూతి దగ్గర కడిగి, పిండి, ఎండలో ఆరబెట్టాడు. ఆరిందాకా ఒక్కడే కూర్చున్నాడు. తర్వాత దువ్వెనతో దువ్వి, మిషనుకి తొడిగి, మీట నొక్కాడు. మిషను గొణుక్కుంటూ తిరిగింది. సున్నాలు ఒక్కటొక్కటే మాయమయ్యాయి. సావుకారు వచ్చి కారు ముందుభాగంలో తన మీసం చూసుకుని, మీసం సవరించుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి కారు తోలించుకుపోయాడు.

సూరి చేతులు తుడుచుకుని బట్టలమూట కట్టుకున్నాడు. "పని బాకీ నేదు బావా. ఎల్లొస్తాను."

అప్పుడు ఎల్లాజీ లేచాడు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పుకుండా, మిరపకాయలూ ఎత్తుకొచ్చాడు. సూరి భుజం నొక్కి పీట మీద కూర్చోబెట్టాడు. పైకి లేవని ఆ కుడిచేతినే పళ్ళు బిగించి పైకెత్తి, వాడి తల చుట్టూ ఉప్పు తిప్పుతూ, రోడ్డు మీదికి వినపడేలా అన్నాడు:

"నా దిష్టి. ఈ ఎల్లాజీగాడి దిష్టి. ఈడి బావ దిష్టి. పోవాల!"

మిరపకాయలు కుంపట్లో పడ్డాయి. ఘాటు గుప్పుమంది. ముగ్గురం దగ్గాం, ముగ్గురికీ కళ్ళ నీళ్ళు కారాయి. ఎల్లాజీవి మాత్రం ఘాటు పోయాక కూడా ఆగలేదు.

సూరి చాలాసేపు దగ్గి, మూట పక్కన పెట్టాడు. గోనెసంచి మీదున్న మిషను తీసి బల్ల మీద పెట్టి, టోపీ మీద గుడ్డ కప్పాడు.

"సేతులు కడుక్కురా బావా," అన్నాడు. "ఆ ఉప్పు సేతుల్తో మిసను ముట్టుకోకు. రేపట్నించీ నీకు నేర్పాల."