కన్నాల దోమతెర

కత్తెరమ్మ దోమతెరను బల్ల మీద పరిచి, అరచేయంత రేకుముక్కను అచ్చుగా పెట్టి, దాని అంచు వెంట కత్తెర నడిపింది. చెయ్యి ఎప్పటిలాగే ఆడింది. ఇవాళ్టి ముక్క మాత్రం సొంత మొగుడి పొట్టలోకి.

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పొట్టగోడకు చిల్లుపడి పేగు పొడుచుకొచ్చిన వాళ్లకు లోపల వలలాంటి జాలీ వేసి కుట్టాలి. కంపెనీ జాలీ బీదాబిక్కీ కొనగలిగేది కాదు. అందుకని డాక్టరమ్మ మామూలు దోమతెర ముక్కనే ఆవిరిపెట్టెలో శుద్ధి చేయించి వాడుతుంది. మొట్టమొదటి ముక్క పడింది కత్తెరమ్మ పొట్టలోనే. అప్పట్లో ఆమె బకెట్లు మోసే ఆయా.

ముక్కలు కోసేశాక మిగిలిన తెరలను పారేయబుద్ధికాక ఇంటికి తెచ్చి, ఒకదానికొకటి కుట్టి మంచం మీద కట్టుకుంది. ఎక్కడ చూసినా కన్నాలే.

"దోమలకి తలుపులు తీసిపెట్టి తెర కట్టావే! పీటలు కూడా వెయ్యి, కూర్చుంటాయి," అని మొగుడు ఎకసెక్కాలాడేవాడు.

ఆమె నవ్వి ఊరుకునేది. అసలు సంగతి ఎవరితో చెప్పుకుంటుంది? ఆ కన్నాల అంచులు ఊపిరి తీసుకుంటాయి. ఫ్యాను ఆపినా, కిటికీ మూసినా, ఒక్కోటి ఒక్కో తీరున పొంగి దిగుతుంది. ఒకనాడు ఒక కన్నం కదలడం మానేసింది. ఆ ముక్క వేయించుకున్న రిక్షా తాత పోయాడని ఆ సాయంత్రమే కబురొచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి, ఇంకొక కబురు. అప్పటినుంచి పొద్దున లేవగానే కన్నాలన్నిటినీ ఒకసారి చూసుకుంటేగాని ఆమెకు కాలు కిందపెట్టబుద్ధయ్యేది కాదు.

మొగుడు మూటలు మోసే మనిషి. పొడుచుకొచ్చిన పేగును చేత్తో లోపలికి నొక్కుకుంటూనే ఏళ్లు నెట్టుకొచ్చాడు. "నీ తెరలో నాకో కిటికీ అక్కర్లేదు," అనేవాడు. మొన్న మూట కింద కుప్పకూలాక గాని దారికి రాలేదు.

స్ట్రెచర్ మీద పడుకుని కూడా నోరు ఊరుకోలేదు. "ఏమే, వంకర లేకుండా కోశావా?"

"నీ బుద్ధికంటే తిన్నగానే ఉందిలే. కళ్లు మూసుకో," అని మొహం తిప్పుకుంది. ఆ మనిషి లేకపోతే తనకు ఇల్లనేదే లేదు.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ బయటికొచ్చింది. "అంతా బాగా జరిగింది. తెలివి రావడానికి టైం పడుతుంది. ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చి రండి. మీరే వడలిపోయారు."

"నిజంగా బానే ఉన్నాడా అమ్మా?"

"ఉన్నాడన్నానుగా!"

డాక్టరమ్మ మాట నమ్మక కాదు. తాను చూసుకోవాల్సిన చోటు వేరే ఉంది.

ఇంటికొచ్చి కిటికీ మూసింది. చంకన పెట్టుకొచ్చిన ఇవాళ్టి తెరను మంచం కాళ్లవైపు అంచుకు కలిపి కుట్టి, ఫ్యాను ఆపి, ఆయాసపడుతూ పడుకుంది. మొగుడి కన్నం చలనం లేకుండా వేలాడుతోంది.

"ఏయ్, ఇప్పుడా నీ వేళాకోళం?" అంది ఏడుపు గొంతుతో.

అంచు కాస్త పొంగింది. దిగింది. మళ్లీ పొంగింది.

"అమ్మయ్య!" అనుకుంది. ఒళ్లంతా తేలికపడింది. అలవాటుకొద్దీ మిగతా కన్నాలూ చూసుకుంటూ వచ్చింది. అన్నీ ఆడుతున్నాయి. తల దగ్గర మూలనున్నది, అన్నిటికంటే పాతది, తనది, అదొక్కటే ఆడటం లేదు.

చెయ్యి చాపి తాకింది. చల్లగా తగిలింది. భయమేసి లేవబోయింది గానీ కాళ్లు మాట వినలేదు.

"ఇంత తొందరేమిటి? ఆయన్ని ఇంటికెవరు తీసుకొస్తారు?" అని దాన్నే అడిగింది. ఇక దానికేసి చూడటం మానేసి కాళ్లవైపు తిరిగింది. మొగుడి కన్నం పొంగింది, దిగింది. ఆమె చూస్తూనే ఉంది.

పొద్దు వాలినా ఆమె రాకపోయేసరికి డాక్టరమ్మే వెతుక్కుంటూ వచ్చింది. నాడి పట్టుకుని చూసి, ఆ చెయ్యి వదలకుండా మంచం పట్టె మీద కూలబడింది. అక్కడ ఆసుపత్రిలో ఆయన తెలివొచ్చి, "మా ఆవిడేదీ?" అని అడుగుతున్నాడు. ఏమని చెప్పాలి?

లేవబోతూ తలెత్తింది. ఫ్యాను తిరగడం లేదు, కిటికీ మూసే ఉంది. తల దగ్గరి పాత కన్నం కదలకుండా వేలాడుతోంది. కాళ్లవైపు, కొత్తగా కుట్టిన తెరలో, ఒక కన్నం అంచు మెల్లగా పొంగి దిగుతోంది.