మిర్యాలకు టికెట్

బస్సులో లేని మహిళకు అని రాశారు, బస్సులో లేని మహిళా ప్రయాణికురాలికి జీరో టికెట్ జారీ చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో రాతపూర్వకంగా తెలుపగలరు, ఎంత పద్ధతిగా రాశారో, మహిళ అట, దానికి ఆరేళ్లు కూడా ఉండవు, అసలు వయసే లేదు, మనిషే లేదు, నవ్వాలో ఏడవాలో తెలియక ఈ మెమో కాగితాన్ని నాలుగు మడతలు పెడుతున్నాను, మళ్లీ విప్పుతున్నాను, డిపోలో మేనేజర్ సారు గది ముందు బెంచీ మీద కూర్చుని అరగంటయింది, పక్కన నా బిడ్డ గ్రేసు, ఒకటో తరగతి, శనివారం నుంచి నన్ను వదలడం లేదు, బడికి పోవే అంటే పోను, నీతోనే వస్త అంటుంది, పదకొండున్నరకు పిలుస్తారట, ఆలోపు సంజాయిషీ రాసి పెట్టుకోమన్నారు, తెల్లకాగితం ఒడిలో ఉంది, పెన్నుంది, పేరు రాశాను, దీప, కండక్టర్, ఆ తర్వాత ఏం రాయాలో తోచడం లేదు, ఇది మొదటి మెమో అయితే ఇంత భయం ఉండేది కాదు, పోయినేడు దీనికి జ్వరమొచ్చి డ్యూటీకి ఆలస్యంగా వచ్చినప్పుడు ఒకటి ఇచ్చారు, ఇప్పుడిది రెండోది, గోరుచుట్టు మీద రోకటిపోటు, సంజాయిషీ నచ్చకపోతే సస్పెన్షనే, ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు.

అంతా ఆ బొమ్మల పుస్తకంతోనే మొదలైంది, అలా అనడం తప్పేమో, పుస్తకం ఏం చేసింది పాపం, ప్రమీల టీచర్ బడిలో అట్టపెట్టె నిండా పెట్టింది అలాంటివి, వారానికొకటి ఇంటికి పంపిస్తుంది, ఇందులో ఒక పిల్ల నులకమంచాన్ని రైలు చేస్తుంది, దుప్పటిని కొండ చేస్తుంది, ప్రతి పేజీలోనూ ఆ పిల్ల పక్కన కాస్త చోటు ఖాళీగా వదిలారు, ఇక్కడ ఎవరు కూర్చున్నారో నీకు తెలుసు కదా అని కింద రాశారు, ఆ పుస్తకంలో పెద్దవాళ్లందరూ ఆ ఖాళీకి మర్యాద చేస్తారు, నాయనమ్మ దానికి కంచం పెడుతుంది, దర్జీ దాని భుజాల కొలత తీస్తాడు, పోస్ట్‌మాన్ దానికి ఉత్తరమిచ్చి సంతకం కూడా తీసుకుంటాడు, ఆ పోస్ట్‌మాన్‌కు మాత్రం ఎవరూ మెమో ఇవ్వలేదు, మొదటిసారి చదివి వినిపించినప్పుడు ఇక్కడ ఎవరున్నరే అని నేనే అడిగాను, గ్రేసు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, మిర్యాల అంది, మిర్యాల ఎవరే అంటే నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసి, నువ్వు రోజు పిలుస్తవ్ గదా అమ్మా అంది, నాకు చాలాసేపటికి గాని వెలగలేదు, కోదాడ బస్టాండులో ఫుట్‌బోర్డు మీద నిలబడి మిర్యాల మిర్యాల మిర్యాల అని అరుస్తాను కదా, రోజూ ఒకటే కేక, మిర్యాలగూడలో గూడ గొంతులోనే ఉండిపోతుంది, నాయనమ్మతో బస్టాండుకు వచ్చినప్పుడల్లా విన్నది, విని విని, అమ్మ ఇంతలా పిలిచే పిల్ల ఎవరో ఉందనుకుంది, అంత మొత్తుకున్నా రాదు గదా పాపం, దానికి తొవ్వ తెల్వదేమో, నేనే తోల్కొచ్చిన అంది.

మా ఆయన కృపాకర్ ఆ మాట విని అన్నం పొలమారేదాకా నవ్వాడు, మఠంపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి వచ్చిన మనిషి అలా నవ్వడం చూసి నాకూ నవ్వొచ్చింది, మా అత్త సారమ్మ మాత్రం నవ్వలేదు, లేనిదానితోని మాట్లాడుడేంది, పాస్టరయ్యతో ప్రార్థన జేపిద్దాం అంది, ప్రమీల టీచర్‌కు చెబితే, అది రోగం కాదమ్మా, ఆట, పిల్లలు ఉత్తుత్తిగ ఆడుతుంటే నవ్వకండి, తిట్టకండి, మీరు గూడ ఆటలకు దిగండి అంది, దిగాలనే నాకూ ఉంది, ఎప్పుడు దిగను, పొద్దున అది లేవకముందు పోతాను, రాత్రి అది తూగుతుండగా వస్తాను, సెలవు రోజున బట్టలు, సరుకులు, దాని ఆటలో నేనెప్పుడూ అరటిపండునే, ఉన్నా లెక్కలేదు, లేకపోయినా ఆట ఆగదు, ఇసుకతో అన్నం వండి పెడితే ఫోన్ చూస్తూ తిన్న తిన్న అంటాను, నోరు కూడా కదిలించవు నువ్వు అని ఒకసారి కోప్పడింది, మిర్యాల మంచిగ నములుతది అంది.

శనివారం, నెలలో రెండోది, బడి లేదు, మా అత్త కంటి ఆపరేషన్‌కు సూర్యాపేట దవాఖానలో ఉంది, కృపాకర్‌కు పగటి షిఫ్టు, బిడ్డను ఎవరికాడ వదలను, బస్సులోనే వేసుకున్నాను, డ్రైవర్ సంపత్తన్న మంచోడు కాబట్టి సరే చెల్లె తీస్కరా అన్నాడు, నా సీటు వెనక ఇద్దరు కూర్చునే సీట్లో గ్రేసు కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్లో పుస్తకం, చేతిలో తన జీరో టికెట్, పక్కన చోటు వదిలింది, హుజూర్‌నగర్‌లో ఒకామె జరుగు బిడ్డా అంటే ఈడ మిర్యాల ఉన్నది అంది, ఆమె మంచిదే, అయ్యో సూడలేదమ్మా అని మూట పట్టుకుని వెనక్కి పోయింది, బస్సులో అందరూ నవ్వారు, ఒక ముసలామె నీ దోస్తు సక్కగున్నదే అని గాలికి దిష్టి తీసి మెటికలు విరిచింది, గ్రేసు ముఖం చూడాలి అప్పుడు, ఆ పుస్తకంలోకి మేమందరం ఎక్కినట్టుంది దానికి, అప్పుడు నా కొంగు లాగి మెల్లగా, అమ్మా, మిర్యాలకు టికెట్ ఏది అంది, దానికెందుకే అన్నాను, టికెట్ లేకుంటే దించేస్తరు గదా, నువ్వే అంటవ్ అంది, నిజమే, పొద్దస్తమానం నేను అనే మాటే అది, ఆడవాళ్లకు ఫ్రీ అయినా సరే టికెట్ తీసుకోవాలమ్మా, జీరో టికెట్ అయినా చేతిలో ఉండాలి, నా చేతిలో మిషన్ ఉంది, ఎదురుగా దాని కళ్లున్నాయి, నాకేమైందో, ఏమీ కాలేదు, సంతోషమైంది, అంతే, గొంతు సవరించుకుని, డ్యూటీ గొంతుతోనే, ఎక్కడిదాకమ్మా మిర్యాల అని ఆ ఖాళీ సీటును అడిగాను, గ్రేసు చెవి అటు పెట్టి విని, నువ్వు ఏడిదాక పోతే ఆడిదాక అంటున్నది అంది, బటన్ నొక్కాను, చీటీ కర్రుమని బయటికొచ్చింది, సున్నా పడ్డ టికెట్టు, చింపి సీటు మీద పెట్టాను, పడేసుకోకమ్మా, సార్లు అడిగితే సూపెట్టాలె అన్నాను, గ్రేసు నన్ను చూసిన ఆ చూపు, పుట్టిన ఆరేళ్లలో అది నన్నెప్పుడూ అలా చూడలేదు, నేనూ దాన్ని అలా చూడలేదేమో.

నేరేడుచర్లలో చెకింగ్ ఎక్కింది, రాజ్‌కుమార్ సారు, చెడ్డవాడేం కాదు, తన పని తాను చేశాడు, మిషన్ చూశాడు, ఆడవాళ్ల తలలు చూశాడు, మళ్లీ చూశాడు, ఒక టికెట్ ఎక్కువుందేంటమ్మా అన్నాడు, లేని ఆడవాళ్ల పేరుతో టికెట్లు కొట్టి ప్రయాణికుల సంఖ్య ఎక్కువ చేసి చూపుతున్నారని ఈ మధ్య అంతటా గట్టిగా పట్టుకుంటున్నారు, నేనెప్పుడూ ఆ పని చేయలేదు, చేయలేదంటే ఇప్పుడు ఎవరు నమ్ముతారు, చేసింది అదే కదా, గ్రేసు మిర్యాల టికెట్ పట్టుకుని లేచి నిలబడింది, ఎవరిది పాపా అది అంటే, మిర్యాలది సార్, ఇగో ఈడనే ఉన్నది అంది, ధైర్యంగా, సంబరంగా, పుస్తకంలో అందరూ చేసినట్టే ఈ సారు కూడా మర్యాద చేస్తాడనుకుంది, ఆయన సీటు చూసి నన్ను చూశాడు, ఎవరమ్మా ఉన్నది అన్నాడు, బస్సంతా నన్నే చూస్తోంది, ఇంతకుముందు నవ్విన ఒక్కరూ ఇప్పుడు నవ్వడం లేదు, దిష్టి తీసిన ముసలామె కిటికీలోంచి బయటకు చూస్తోంది, ఎవరూ లేరు సార్ అన్నాను, ఏమనాలి మరి, ఎవరూ లేరు సార్, పిల్ల ఆటకు అన్నాను, అంటుంటే గ్రేసు చేతిలోంచి ఆయన టికెట్ తీసుకున్నాడు, అది అడ్డు చెప్పలేదు, ఏడవలేదు, మెల్లగా జరిగి ఆ ఖాళీ సీట్లో తనే కూర్చుంది, మిర్యాలగూడ వచ్చేదాకా పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం కలుపుతూ, మిర్యాలకు గూడ పెట్టాల్నా అని అడిగాను, నువ్వే లేదన్నవ్ గదా అంది, కోపం లేదు ఆ మాటలో, అదే నన్ను కోసేసింది, కోప్పడితే బతిమిలాడుకునేదాన్ని, నిన్న నేనే పుస్తకం తీసి, రైలుబండి పేజీ తెరిచి, ఇక్కడ ఎవరు కూర్చున్నరే అన్నాను, ఎవరు లేరు, ఉత్త కాగితమే అంది, ఆరేళ్ల పిల్ల, ఉత్త కాగితమే అంది, నాకేం చేతకాలేదు, పుస్తకం మూసి దాన్ని దగ్గరకు తీసుకుంటే వచ్చింది, కానీ ఒళ్లు బిగపట్టుకుని వచ్చింది.

పొద్దున గేటు దగ్గర సంపత్తన్న ఆపాడు, ఉన్నది ఉన్నట్టు రాయకు చెల్లె, లేని పిల్లకు ఆట కోసం టికెట్ కొట్టిన అంటే పిచ్చిదనుకుంటరు, లేకుంటే అబద్ధమనుకుంటరు, రద్దీల పొరపాటున బటన్ రెండుసార్లు పడ్డదని రాయి, అందరు గదే రాస్తరు, సార్లకు గూడ గదే కావాలె, ఖతం అన్నాడు, అవును, అబద్ధం రాస్తే నిజమంటారు, నిజం రాస్తే అబద్ధమంటారు, ముందు నుయ్యి వెనక గొయ్యి కూడా కాదు ఇది, నుయ్యి ఒక్కటే, దూకక తప్పదు, ఇంటి కిరాయి, అత్త కంటి మందులు, దీని బడి, అన్నీ ఈ ఖాకీ చొక్కా మీదే నడుస్తున్నాయి, గోడ మీద గడియారం పదకొండుంబావు చూపిస్తోంది, రాస్తాను, గౌరవనీయులైన మేనేజర్ గారికి, శనివారం రోజున బస్సులో రద్దీ ఎక్కువగా ఉన్నందున, పొరపాటున బటన్ రెండుసార్లు నొక్కుకుపోయి ఒక టికెట్ అదనంగా వచ్చినది, ఇకముందు ఇటువంటిది జరగకుండా చూసుకోగలను, ఇకముందు జరగదు, అది మాత్రం నిజమే, ఇక ఎన్నడూ జరగదు.

గ్రేసు నా మోచేతి మీద గడ్డం ఆనించి చూస్తోంది, ఒకటో తరగతిలో అందరికంటే ముందు చదవడం నేర్చిందని ప్రమీల టీచర్ మెచ్చుకుంది, ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది, పొ, ర, పా, టు, న, పొరపాటున అంటే ఏంది అమ్మా అంది, అంటే, కావాలని చేయంది బిడ్డా, తెల్వక చేసింది అన్నాను, నోటికొచ్చింది చెప్పేశాను, అయితే మిర్యాలకు టికెట్ నువ్వు కావాలని ఇయ్యలేదా అంది, ఇచ్చాను బిడ్డా, కావాలనే ఇచ్చాను, ఆ మాట పైకి అంటే మళ్లీ ఈ కాగితమెందుకు అంటుంది, అనకపోతే, అటెండర్ తలుపు తీసి దీపమ్మా, సార్ రమ్మంటున్నరు అన్నాడు, లేచాను, దాని చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను, సారు కాగితం చదివారు, ఒక నిమిషం కూడా పట్టలేదు, ఫైల్లో మెమోకు పిన్ను కొట్టి ఆ టికెట్టు ఉంది, సున్నా కనిపిస్తోంది, ఆయన మంచి ముఖంతోనే గ్రేసు వైపు చూసి, ఈ టికెట్ నీ దగ్గరనే దొరికిందటగా పాపా, ఎవరిదమ్మా ఇది అన్నారు, మిర్యాలది అంటుందని భయపడ్డాను, దేవుడా, అనాలని కూడా ఆశపడ్డాను, గ్రేసు నా వైపు చూడలేదు, ఎవరిది కాదు సార్, పొరపాటుది అంది.

సారు నవ్వి, తెలివైన పిల్లమ్మా, రేపటి నుంచి డ్యూటీకి రా, జాగ్రత్తగా చేసుకో అన్నారు, ఉద్యోగం నిలబడింది, థాంక్స్ సార్ అన్నాను, బయటికొచ్చాను, ఎండ, బస్సులు, ఎవరో కండక్టర్ సూర్యాపేట సూర్యాపేట అని అరుస్తున్నాడు, గ్రేసు నా చెయ్యి పట్టుకుని బుద్ధిగా నడుస్తోంది, ఎవరికీ చోటు వదలకుండా నాకు ఆనుకుని నడుస్తోంది, దాని వేళ్లు నా వేళ్లలో ఉన్నాయి, ఏం చెప్పినా ఇప్పుడు అది నమ్మదు, నమ్మకపోవడం తప్పూ కాదు, పుట్టినప్పటి నుంచి నా బిడ్డతో నేను మనసారా ఆడింది ఒక్కటే ఆట, అది పొరపాటున జరిగిందని నా చేత్తో నేనే రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చి వచ్చాను.