ఇల్లుబండిలో ఆఖరి చప్పుడు

మూడో రోజు మధ్యాహ్నానికి ఇరవైరెండు చప్పుళ్ళు ఆపాను. ఇరవైమూడోది మాత్రం దొరకలేదు. సాయంత్రంలోగా అదీ ఆగకపోతే బండిని వెనక్కి తిప్పి ఇంటికి పోవాలి. మా ఆవిడకు నేనిచ్చిన మాట అది.

నేను బస్సు డిపోలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు సీట్లు కుట్టాను. నేను కుట్టిన సీట్లు వేసుకుని బస్సులు తెల్లవారకముందే బయలుదేరేవి. నేను షెడ్డులో ఉండిపోయేవాణ్ణి. చిరిగిన సీట్లు తిరిగి నా దగ్గరికే వచ్చేవి. విప్పితే మడతల్లో ఇసుక, నలిగిన టికెట్లు, వేరుశనగ పొట్టు కనిపించేవి. ఒకసారి చిన్న గవ్వ దొరికింది. ఏ సముద్రం దగ్గరిదో ఏమో, దాన్ని చేతిలో పెట్టుకుని ఆ రోజంతా సరిగ్గా పని చేయలేకపోయాను.

రిటైరైన రెండో వారంలోనే మెకానిక్కయిన మా బావమరిది చేత పాత సరుకుల వ్యాను ఒకటి వెతికించాను. ఎనిమిది నెలలు కష్టపడి దాన్ని ఇల్లు చేశాను. మంచం, స్టవ్వు, అల్మరాలు, మడత బల్ల, మనిషి ఒక్కడే పట్టే స్నానాల గది. ఇలాంటి వాటిని మోటార్‌హోమ్ అంటారట. మా వీధివాళ్ళు ఇల్లుబండి అన్నారు, అదే స్థిరపడింది. ఏడాదిపాటు ఇంటికి తాళం వేసి ఊళ్ళు తిరగాలని నా ఆశ.

ప్రతిదీ మా ఆవిణ్ణి అడిగే చేశాను. మంచం ఏ పక్కన అంటే "మీ ఇష్టం" అంది. కర్టెన్లు ఏ రంగువి అంటే "మీ ఇష్టం." పూలకుండీలు పక్కింటివాళ్ళకు అప్పజెబుదామా అంటే కాసేపు కుండీల వంక చూసి, "మీ ఇష్టం" అంది.

బయలుదేరే ముందురోజు మాత్రం ఒక మాట అంది.

"నాకు గోల పడదు. తల పగిలిపోతుంది. మూడు రోజులు చూస్తాను. మూడో రోజు సాయంత్రానికి కూడా బండి లోపల గోల ఉంటే ఇంటికొచ్చేద్దాం."

నాకు నవ్వొచ్చింది. కిర్రుమనే సీట్ల నోరు మూయించే పనిలోనే కదా నా జుట్టు నెరిసింది! "సరే, మాటంటే మాటే" అన్నాను.

మొదటి రోజు బండి మొదటి గోతిలో పడగానే లోపలున్న ఇల్లంతా ఒక్కసారి మా మీదికి లేచింది. గిన్నెలు గిన్నెల్ని తన్నుకున్నాయి. స్టవ్వు మీది ఇనుప చట్రం గణగణలాడింది. కర్టెన్ రింగులు, అల్మరా గొళ్ళాలు, సొరుగులో గరిటెలు, ఒకటి ఆగితే మరొకటి. పక్కసీట్లో మా ఆవిడ రెండు చేతులతో కణతలు నొక్కుకుని కూచుంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త నయంగా ఉండేది.

నాలుగు కిలోమీటర్లకోసారి బండి పక్కకు తీశాను. గ్లాసులకు మేజోళ్ళు తొడిగాను. పళ్ళేల మధ్య ఫోమ్ ముక్కలు పెట్టాను. స్టవ్వు చట్రాన్ని తీసి తువ్వాలులో చుట్టి మంచం మీద పడుకోబెట్టాను. గొళ్ళాలకు మందపాటి ఫెల్టు గుడ్డ, తలుపులకు ఎలాస్టిక్కు, గ్యాసు సిలిండరు నడుముకు రెక్జిన్ పట్టీ. రెండో రోజు మంచం కింద దూరి నీళ్ళ ట్యాంకు పైపులకు గుడ్డలు చుట్టాను. ఒక్కో చప్పుడూ పోతుంటే దాని వెనక దాక్కున్న చిన్న చప్పుడు బయటికి వచ్చేది. నాకు అన్నం సయించలేదు. బండి ఆపి ఉన్నప్పుడు కూడా చెవులు రిక్కించుకునే ఉండేవాణ్ణి.

ఆఖరిది వింత చప్పుడు. ముందు గీరుకున్నట్టు ఉంటుంది, తరవాత టక్కుమంటుంది. కుడికి తిరిగితే రెండుసార్లు, గతుకులో నాలుగుసార్లు. ముందుందని వెళితే వెనకనుంచి, వెనక్కి వెళితే ముందునుంచి వినిపిస్తుంది.

బావమరిదికి ఫోను చేశాను.

"ఏం బావా, ఎందాకా వచ్చింది మీ దండయాత్ర?"

"నూట నలభై కిలోమీటర్లు."

"మూడు రోజులకా! బండి మీద వెళ్ళావా, బండిని మోసుకుని వెళ్ళావా?"

"వెటకారాలాపి సంగతి విను. ఒక్క చప్పుడు దొరకటం లేదు."

"బండన్నాక మాట్లాడుతుంది బావా. మాట్లాడకపోతే అది బీరువా."

"ఆ మాట మీ అక్కతో అను."

"అమ్మో, నా వల్ల కాదు. సరే, ఇలా చెయ్యి. ఖాళీ జాగా చూసుకో. ఒకరు నడక వేగంతో నడపండి. ఒకరు లోపల ఒక్కొక్కదాన్నీ అరచేత్తో నొక్కుకుంటూ పోండి. చెయ్యి పెట్టగానే ఏది నోరు మూసుకుంటే అదే దొంగ. ఏదీ, అక్కకివ్వు."

మా ఆవిడ ఫోను తీసుకుని అటు తిరిగింది. "ఊఁ... ఊఁ... లేదురా, చెప్పలేదు... నువ్వూరుకో" అని పెట్టేసింది. ఏమిటని నేను అడగలేదు. నా ధ్యాసంతా ఆ టక్కుమనే చప్పుడు మీదే ఉంది.

రోడ్డు పక్కన లారీలు ఆపుకునే పెద్ద స్థలం కనిపించింది. అటు చివర రెండు లారీలు, ఇటంతా కంకర, గుంటలు. మాకు కావలసింది అదే. నేను స్టీరింగు పట్టుకున్నాను. ఆవిడ వెనక నిలబడి అరచేత్తో నొక్కటం మొదలుపెట్టింది.

"అల్మరా పట్టుకున్నా. ఉందా?"

"ఉంది."

"బల్ల?"

"ఉంది."

"స్నానాలగది తలుపు?"

"ఉందంటే ఉంది! నీకు వినబడటం లేదూ?"

"వినబడుతోంది. నా మీద అరిస్తే ఆగుతుందా అది?"

మూడో చుట్టులో బండి గుంటలో దిగి ఒరిగింది. ఆవిడ తూలింది. ఆ క్షణంలో చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"అదే! అదే! ఎక్కడ పెట్టావు చెయ్యి?"

"ఎక్కడా పెట్టలేదు. పడబోయి పట్టుకున్నా."

"దేన్ని పట్టుకున్నావు?"

"ఏమో, గుర్తు లేదు."

బండి ఆపాను. "నువ్విటు రా. నువ్వు నడుపు, నేను చూస్తాను" అన్నాను. నడపటం ఆవిడకు నాకంటే బాగా వచ్చు. పెళ్ళికి ముందే తమ్ముడితోపాటు నేర్చుకుంది.

"క్లచ్చు మెల్లిగా వదులు."

"మీరా నాకు చెప్పేది? మీరు గేరు మారిస్తే గేదె అరిచినట్టుంటుంది" అంటూ సీటు ముందుకు జరుపుకుంది.

నేను వెనకనుంచి మొదలుపెట్టాను. మంచం, కిటికీ, బల్ల, అల్మరా, సొరుగులు. ఏది నొక్కినా చప్పుడు దాని మానాన అది వస్తూనే ఉంది. డ్రైవరు సీటు వెనక, తల ఎత్తున దేవుడి అర ఉంది. మా అమ్మ ఇచ్చిన చిన్న పటం, పక్కనే ప్రార్థన పుస్తకం. దాని దగ్గరికి వచ్చి, దాటి వెళ్ళిపోయాను.

కారణం ఉంది. పని చేసిన చేతులతో దేవుణ్ణి తాకకూడదని మా అమ్మ నేర్పింది. డిపోలో జిగురు, గ్రీజు ఎప్పుడూ ఉండేవే, అందుకని ఇంటికొచ్చి సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంటే తప్ప నేను పటం ముట్టను. ఈ మూడు రోజులుగా నా చేతులు శుభ్రంగా ఉన్న గడియ లేదు. పొద్దున పూట అర తుడిచి ప్రార్థన చేసేది ఆవిడే. నేను దూరంగా నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. బండిలో ప్రతి అంగుళానికీ మెత్త వేసినవాణ్ణి అక్కడ మాత్రం ఒక్క ముక్క వేయలేదు. దేవుడి దగ్గర చప్పుడు ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

రెండో చుట్టు తిరిగేసరికి నొక్కటానికి ఇంకేమీ మిగల్లేదు. అర ముందు నిలబడ్డాను. చేతుల వంక చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. 'తప్పుగా అనుకోకు తండ్రీ' అనుకుని మోచెయ్యి ఎత్తి పటం చట్రానికి ఆనించాను.

చప్పుడు ఆగిపోయింది.

మోచెయ్యి తీశాను. గీరి, టక్కుమంది. ఆనించాను. ఆగింది.

దొరికిందని అరవబోయి ముందున్న అద్దంలో ఆవిడ మొహం చూశాను. ఆవిడ అద్దంలోంచి నన్నే చూస్తోంది. చప్పుడు ఆగినట్టు ఆవిడకూ వినబడే ఉంటుంది. మూడు రోజులుగా మా ఇద్దరి ప్రాణం తీసిన చప్పుడది. ఆగిందని ఒక్క మాట అనలేదు. దొరికిందా అని అడగలేదు. చూపు తిప్పుకుని నడుపుతూనే ఉంది.

"బండి ఆపు" అన్నాను.

ఆపింది.

"నీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. అర తుడుస్తూ కదిపి చూశాను."

"మరి మూడు రోజులూ నన్ను మంచాల కింద దూర్చావేం?"

"నేనెక్కడ దూర్చాను? మీరే దూరారు."

"తలనొప్పి కూడా ఉత్తిదేనా?"

"తలనొప్పి నిజమే. దాని మీద ఒట్టు వేయమన్నా వేస్తా."

"ఒక్క మాట చెప్పి ఉంటే నిమిషంలో ఆపేసేవాణ్ణి కదా!"

"అందుకే చెప్పలేదు" అంది. రెండు చేతులూ స్టీరింగు మీద అలాగే ఉన్నాయి. "మీరు నిమిషంలో ఆపేస్తారు. ఆ తరవాత వద్దనటానికి నా దగ్గర ఇంకేముంటుంది?"

నాకు కోపం వచ్చింది. "వద్దనుకుంటే ముందే వద్దనొచ్చుగా. అన్నిటికీ మీ ఇష్టం, మీ ఇష్టం అన్నావు."

"అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళూ అదే అన్నాను. ఇంకోలా అనటం అలవాటు లేకపోయింది."

"ఎందుకు వద్దు? అది చెప్పు."

అప్పుడు చెప్పింది. మా ప్రార్థన మందిరం వెనకగదిలో వారానికి నాలుగు సాయంత్రాలు ఆవిడ చదువు చెబుతుంది. వచ్చేవాళ్ళు ఇళ్ళలో, ఆఫీసుల్లో తుడిచి కడిగే ఆడవాళ్ళు, పదకొండు మంది. ఆ సంగతి నాకు తెలుసు. కాలక్షేపానికి వెళుతోందనుకున్నాను.

"వాళ్ళలో పెద్దావిడ మొన్న మందుసీసా మీది పేరు తనే కూడబలుక్కుని చదివింది. చదివి, సీసా నా చేతిలో పెట్టి ఏడ్చింది. ఆ గది తాళంచెవి ఇంకొకరికి ఇచ్చేసి మీ వెంట వచ్చాను. చెప్పేవాళ్ళు లేకుండా ఏడాదంటే వాళ్ళు మళ్ళీ మొదటికొస్తారు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడడిగారు? కర్టెన్ల రంగు అడిగారు."

నొప్పి పుట్టేలా ఏదో ఒకటి అనాలనిపించింది. "అందుకని దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నావా?" అన్నాను.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ చప్పుడు నేను పెట్టింది కాదు. ఉన్నదాన్ని ఉండనిచ్చాను. రోజూ క్షమించమని అడుగుతూనే ఉన్నా."

బండి దిగి ఆ స్థలం మూల ఉన్న కొళాయి దగ్గరికి వెళ్ళాను. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను, గోళ్ళ సందులు పుల్లతో తీసుకున్నాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి. తెలిసీ చెప్పకపోవటం అబద్ధమాడటమేనా? అయితే, ఎదురుగా ఉన్న మనిషిని ముప్ఫై నాలుగేళ్ళు అడగకపోవటాన్ని ఏమంటారు? చేతులు మురికని దేవుడి అర దాటి పోయాను. ఆవిణ్ణి దాటి పోవటానికి ఏం కారణం చెప్పుకుంటాను? ఎంత వెతికినా తోచలేదు. దేవుడికి తెలిసే ఉంటుంది, కానీ నాకు చెప్పలేదు.

తిరిగొచ్చి, ఫెల్టు పట్టీ కత్తిరించి పటం కింద ఒకటి, వెనక ఒకటి అంటించాను. ఆవిడ పక్కసీట్లోకి జరిగి నన్నే చూస్తూ ఊరుకుంది. నేను స్టీరింగు ముందు కూచుని గుంటలన్నీ వెతికి వెతికి బండి దించాను. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడు రోజులుగా దీనికోసమే కదా దేవుళ్ళాడాను! అయినా చెవులు ఆ చప్పుడు కోసమే వెతుకుతున్నాయి.

"ఇప్పుడు గోల లేదు" అన్నాను.

"లేదు."

"అన్న మాట ప్రకారం ముందుకే పోవాలి."

"పోవాలి" అని కిటికీలోంచి బయటికి చూసింది. నోరు తెరిచి అనలేదు గానీ, మీ ఇష్టం అన్నట్టే వినిపించింది.

రోడ్డు మీదికి దారితీసే గేటు దాకా వెళ్ళి ఆపాను. కుడికి తిరిగితే ముందుకు. ఎడమకు తిరిగితే ఇల్లు. అటు చివరున్న లారీల్లో ఒకటి మా వెనక్కి వచ్చి ఆగింది.

"ఆ ఒప్పందం సంగతి వదిలెయ్. నీకేం కావాలో నువ్వు చెప్పు. మీ ఇష్టం అని మాత్రం అనకు."

వెనకనుంచి హారను మోగింది.

"తొందరగా చెప్పు, లారీవాడు తిడుతున్నాడు."

"తిట్టనివ్వండి. ఇన్నాళ్ళకు అడిగారు, కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి."

హారను మళ్ళీ మోగింది. నా మీద జాలిపడి, సరే ముందుకే పోనివ్వండి అంటుందేమోనని నా మనసు పీకుతూనే ఉంది. ఎందుకు దాచాలి? అలా అంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

"నాకు ఇంటికి పోవాలనుంది" అంది ఆవిడ.

ఎడమకు తిప్పాను. ఎదురొచ్చే బస్సులు ఒక్కొక్కటే దాటి పోయాయి. ప్రతి బస్సు వంకా చూశాను. ఏ రూటుదో, ఎక్కడ ఆగుతుందో, సీట్లు ఎవరు కుట్టారో.

"వేసవిలో నెలన్నర క్లాసులుండవు" అంది ఉన్నట్టుండి. "అప్పుడు వస్తాను."

"నాకోసమని రావొద్దు."

"మీకోసమని ఎవరన్నారు? సముద్రం నేనూ చూడలేదు."

"నిజంగానా?"

"అబద్ధాలకు ఇక ఓపిక లేదు."

నెలన్నరకు నలభై అయిదు రోజులు. రోజుకు ఎనభై కిలోమీటర్లు వేసుకున్నా, మధ్యలో ఆగే రోజులు తీసేసినా... ఎడమచెయ్యి ఎత్తి వేళ్ళు మడవటం మొదలుపెట్టాను.

"ఏవండీ" అంది, "ముందు రోడ్డు చూసి నడపండి."